‘కట్టే ఉంచండి’ అన్నందుకు

2025 ఆగస్టు నెల, రెండో మంగళవారం, మధ్యాహ్నం మూడు దాటి పది నిమిషాలు. ముదినేపల్లి అవతల రామలింగంగారి చేపల చెరువు గట్టు. మూడు రోజులుగా ఎండ మొహం లేదు. సన్న జల్లు పడుతూ ఆగుతూ ఉంది. సమయం అంత సరిగ్గా ఎలా తెలుసంటే, నా పక్కన కూర్చున్న హారిక ఒళ్ళో ఉన్న ల్యాప్‌టాప్ మూల మీద కనపడుతూ ఉంది. అక్షరాలు ఆలస్యంగా వచ్చినదాన్ని కాబట్టి కంటికి ఏ రాత తగిలినా చదవకుండా ఉండలేను. ఆ నిమిషం నుంచి జరిగింది రాస్తున్నాను. రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది భయం వల్ల. వేరే కారణం లేదు.

ముందు నా పని ఏమిటో చెప్పాలి. ఏలూరులో వలల కొట్టు పైన మేడ మీద మా ఆఫీసు. వరి రైతులకీ చెరువుల వాళ్ళకీ ఫోనులో పనిచేసే ఏర్పాటు ఒకటి తయారుచేస్తారు. రైతు ఫోనుతో మామూలుగా మాట్లాడితే అవతల ఏజెంట్ వింటుంది. ఏజెంట్ అంటే మనిషి కాదు. మాట విని, దానికి ఏ పని చేయాలో తనే ఎంచుకునే కంప్యూటర్ ప్రోగ్రాం. దానికి చేతులు లేవు. చేతుల బదులు టూల్స్ ఇస్తారు. మోటారు వేయడం ఒక టూల్, ఆపడం ఒక టూల్, నీటిలో ప్రాణవాయువు ఎంత ఉందో చూసి చెప్పడం ఒక టూల్. ప్రతి టూల్‌కీ డిస్క్రిప్షన్ అని ఒక వివరణ ఉంటుంది, నాలుగైదు వాక్యాలు. ఈ టూల్ ఏం చేస్తుంది, ఎప్పుడు వాడాలి, ఎప్పుడు వాడకూడదు. ఏజెంటు చెరువు చూడలేదు, గట్టు ఎక్కలేదు, బురదలో జారలేదు. చెరువు గురించి దానికి మేం చెప్పేది ఆ నాలుగైదు వాక్యాలే. అవి సరిగ్గా ఉన్నాయో లేదో చూడడం, లేకపోతే తిరగరాయడం నా పని.

నా పేరు సువార్తమ్మ. అరవై దాటాయి. కొల్లేటి పక్క పల్లెలో పుట్టాను. మోకాళ్ళు మొరాయించేదాకా చెరువుల మీదే బతికాను. పడవ మీద నిలబడి మేత చల్లాను, తరవాత కొన్ని చెరువుల పనివాళ్ళ మీద మేస్త్రీగా ఉన్నాను. హారిక మా ఆఫీసు ఇంజినీరు, తాడేపల్లిగూడెం పిల్ల. చెరువు మనుషులు ఏ పనికి ఏ మాట వాడతారో తెలుసుకోవడానికి గట్లు పట్టుకుని తిరుగుతూ ఒకరోజు నా దగ్గరికొచ్చింది. అడిగిందే అడిగి నా బుర్ర తినేసి, ఆఖర్ని అంది:

“అమ్మమ్మగారూ, మీరు మా ఆఫీసుకి వచ్చేయకూడదాండి?”

“నాకు చదువు తక్కువమ్మా.”

“మా ఏజెంటుకి చదువెక్కువ, లోకం తక్కువండి. ఇద్దరికీ సరిపోతుంది.”

ఆ జవాబు నచ్చి వెళ్ళాను.

చదువు తక్కువని మర్యాదకి అనలేదు. నలభై వచ్చేదాకా నాకు అక్షరం ముక్క రాదు. మా సంఘంలో పాస్టరమ్మగారు సాయంత్రాలు ఆడవాళ్ళని చర్చి వరండాలో కూర్చోబెట్టి పలక మీద దిద్దించారు. చదవడం వచ్చిన కొత్తలో ఏలూరు వెళ్ళాలని రోడ్డు మీద నిలబడ్డాను. బస్సు వచ్చింది. బోర్డు కూడబలుక్కున్నాను. ఏ, లూ, రు. నా పక్కన నిలబడ్డవాళ్ళు ఒక్కరూ కదల్లేదు. వాళ్ళకి చదువు రాదు కదా పాపం అనుకుని నేనొక్కదాన్నే ఎక్కాను. కుడి చెంప మీద పడాల్సిన ఎండ ఎడమ చెంప మీద పడుతోంది. నాకు తెలుస్తూనే ఉంది. అయినా బోర్డు మీద రాసి ఉంది కదా అని బిగుసుకు కూర్చున్నాను. కైకలూరులో దింపారు.

“అది ఏలూరు వెళ్ళినప్పటి బోర్డండి, మార్చడం మర్చిపోయాం,” అన్నాడు కండక్టరు. “బోర్డు ఒక్కటే చూస్తారాండి? బస్సు మొహం ఎటుందో చూసుకోవద్దా?”

ఇది నవ్వుకోవడానికి చెప్పలేదు. కొత్తగా చదవడం వచ్చినవాళ్ళు రాతని ఎంత నమ్ముతారో నాకు తెలుసు. తమ చెంప మీద పడే ఎండ కన్నా ఎక్కువ నమ్ముతారు. ఏజెంటు దగ్గర కూర్చున్న మొదటి రోజే ఆ నమ్మకం దానిలో కనిపించింది. అప్పటినుంచి దాని కోసం ఏ వాక్యం రాసినా కొంచెం భయంగానే ఉండేది. ఆ మంగళవారం ముందు అది కొంచెమే.

ఇప్పుడు చెరువు సంగతి. ఎండ లేకపోతే నీటిలో ప్రాణవాయువు పడిపోతుంది. చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి. అందుకని ఏరియేటర్లు నడుపుతారు. నీళ్ళ మీద తేలే మోటారు, దానికి రెక్కల చక్రం. చక్రం నీళ్ళని చిలికి గాలి కలుపుతుంది. ఆ రెక్కలకి చేప, తాడు, చెయ్యి అన్న తేడా ఉండదు. పైగా నీళ్ళలో కరెంటు. అందుకని మా చెరువుల మీద ఒక పద్ధతి ఉండేది. ఏరియేటరు బాగుచేయడానికి ఎవడైనా నీళ్ళలో దిగాలంటే ముందు షెడ్డుకి వెళ్ళి, మెయిన్ హ్యాండిలు కిందికి దించి, తన తువ్వాలు దానికి కట్టి వస్తాడు. తువ్వాలు ఉన్నంతసేపూ హ్యాండిలు ఎవరూ ముట్టుకోరు, యజమానైనా సరే. కట్టినవాడే గట్టెక్కి, తన చేత్తో విప్పుకోవాలి. దిగే ముందు షెడ్డు వైపు తిరిగి “కట్టే ఉంచండి” అని ఒక కేక వేయడం అలవాటు. కరెంటు కట్టేసే ఉంచండి, తువ్వాలు కట్టే ఉంచండి, రెండూ అందులోనే.

ఫోను వచ్చాక షెడ్డు దాకా నడిచే పని పోయింది. గట్టు మీద నిలబడి చెబితే ఆగుతుంది, చెబితే తిరుగుతుంది. తువ్వాళ్ళు మెడల మీదే ఉండిపోయాయి.

ఆ రోజు నేను, హారిక వెళ్ళింది నీటిలో ప్రాణవాయువు చూసే టూల్ సరిగ్గా చెబుతోందో లేదో పరీక్షించడానికి. రెండో చెరువులో నాలుగు ఏరియేటర్లు వరసగా తిరుగుతున్నాయి. పిట్టలు వాలకుండా చెరువు మీద కట్టిన నైలాను తాడు ఒకటి తెగి, నాలుగోదాని రెక్కలకి చుట్టుకుంది. చక్రం మూలుగుతోంది.

అక్కడ పనిచేసే ఏసుబాబు నాకు పరాయివాడు కాదు, మా చెల్లెలి కొడుకు. వాడి భార్య కాంతం షెడ్డులో తెడ్డుతో మేత కలుపుతోంది.

రామలింగంగారు ఫోను నోటి దగ్గర పెట్టుకున్నారు. “ఏవండీ, రెండో చెరువు ఏరియేటర్లు ఆపండి.”

“అలాగేనండి. రెండో చెరువు ఏరియేటర్లు ఆపాను,” అంది ఫోను. నాలుగు చక్రాలూ నెమ్మదించి ఆగాయి.

“మీరు దానికి అండీలు పెట్టక్కర్లేదండి, అది మనిషి కాదు,” అంది హారిక.

“దానిది కాదమ్మా, నోరు నాది కదా. పాడైపోతే మళ్ళీ ఎవరు బాగుచేస్తారు,” అన్నారాయన.

ఏసుబాబు కత్తి నడుముకి దోపుకున్నాడు. జల్లుకి తల తడవకుండా తువ్వాలు చెవుల మీదుగా బిగించుకున్నాడు.

“తువ్వాలు కట్టావట్రా?” అన్నాను.

“కట్టాను కదా దొడ్డమ్మా, తలకి.”

“తలకి కాదురా, హ్యాండిలుకి.”

“అది ఆగిపోయింది కదే. ఇప్పుడు షెడ్డు దాకా నడిచి, మళ్ళీ ఇక్కడిదాకా నడిచి... నువ్వు ముసలైపోతున్నావు దొడ్డమ్మా.”

“ముసలైపోవడానికి బతికుండాలిరా.”

వాడు నవ్వుకుంటూ నీళ్ళలో దిగిపోయాడు. ఛాతీ లోతు. మోచేతులు పైకెత్తి నాలుగో ఏరియేటరు వైపు నడుస్తున్నాడు. నేను ఊరుకోలేదు, గొణుగుతూనే ఉన్నాను. రామలింగంగారు నెమ్మదైన మనిషి. నా గొణుగుడు విని, పెద్దావిడ కంగారు పడుతోంది, ఇంకో మాట చెప్పి ఉంచుదాం అనుకున్నారు. ఫోను మళ్ళీ తీశారు.

“ఏవండీ, రెండో చెరువువి కట్టే ఉంచండి. ఏసుబాబు దిగాడు.”

ఎప్పుడూ షెడ్డు వైపు వేసే కేకే. ఈసారి ఫోనుకి చెప్పారు.

“అలాగేనండి,” అంది ఫోను. ఇంకా ఏదో అంటోంది. ఆయన జల్లుకి తడవకుండా దాన్ని ప్లాస్టిక్ కవరులో చుట్టి జేబులో వేసేసుకున్నారు. మిగతా మాట కవరులో కలిసిపోయింది.

ఆ ‘అలాగేనండి’ విని నా ఊపిరి కుదురుకుంది. అది తలుచుకుంటేనే ఇప్పటికీ చెమటలు పడతాయి.

హారిక గొడుగు సర్దుకుంటోంది. నా కళ్ళు ల్యాప్‌టాప్ తెర మీదికెళ్ళాయి. పచ్చటి గీత ఒకటి కొత్తగా వచ్చింది. ఏజెంటు ఇప్పుడు ఏ టూల్ వాడుతోందో ఆ గీతలో పడుతుంది. అలవాటుగా కూడబలుక్కున్నాను. ఏ, రి, యే, ట, ర్. తరవాతి మాట చిన్నది. ఆ, న్. చదవడం అయ్యేలోపే అవతలి మూల మొదటి చక్రం కదిలింది.

ఒక్కసారిగా వేస్తే లైను తట్టుకోదని నాలుగూ ఒకదాని వెనక ఒకటి మొదలయ్యేలా పెట్టారు. మొదటిది తిరిగింది. నీళ్ళు తెల్లగా లేచాయి. ఏసుబాబు వీపు మా వైపుంది. చెవుల మీద తువ్వాలు బిగించి ఉంది. ఎడమ చేతికి తాడు రెండు చుట్లు చుట్టుకుని, కుడిచేత్తో కోస్తున్నాడు.

“ఏసూ, చెయ్యి తియ్యరా,” అన్నాను. తువ్వాలు బిగించిన చెవులకి వినపడలేదు.

“ఆపండి, ఆపండి,” అంటున్నారు రామలింగంగారు. ఫోను ఇంకా కవరులోనే ఉంది. ఆయన దాన్ని బయటికి లాగలేకపోతున్నారు. తడి వేళ్ళకి కవరు జారుతోంది.

రెండోది తిరిగింది.

హారిక తెర మీద ఏదో నొక్కింది. సిగ్నలు చాలక చిన్న చక్రం ఒకటి అక్కడ తిరగడం మొదలైంది. నీళ్ళలో చక్రాలు తిరుగుతున్నాయి, తెర మీద చక్రం తిరుగుతోంది. ఆ పిల్ల మొహంలో నెత్తురు లేదు.

మూడోది తిరిగింది. ఆ అల తగిలి ఏసుబాబు తల తిప్పాడు. అప్పుడు చూశాడు. చేతికి చుట్టిన తాడు విప్పుకోబోయాడు. నాలుగో చక్రం ఒక్క కుదుపు కుదిపింది. తాడు బిగిసింది. వాడు ముందుకి పడ్డాడు, తల నీళ్ళలోకి వెళ్ళిపోయింది.

అంతే, అన్నీ ఆగిపోయాయి.

ఏం జరిగిందో తరవాత తెలిసింది. స్టార్టర్ పెట్టె షెడ్డులో ఉంటుంది. ఏరియేటరు మొదలైనప్పుడల్లా అందులో టక్కుమని చప్పుడొస్తుంది. కాంతం మేత కలుపుతూ మొదటి టక్కు విని, ఇది నా చెవి భ్రమ అనుకుంది. రెండో టక్కుకి మొగుడు నీళ్ళలో ఉన్నాడని గుర్తొచ్చి లేచింది. చేతులు మేత నీళ్ళతో తడిసి ఉన్నాయి. తడి చేత్తో ముట్టుకుంటే తనే పోతుందని తెలుసు. చేతిలో చెక్క తెడ్డు ఉంది. దాంతో హ్యాండిలుని పైనుంచి కిందికి ఒక్క దెబ్బ కొట్టింది.

రామలింగంగారు చొక్కాతోనే దూకి, వాడి తల పైకెత్తి, తాడు విప్పి, గట్టుకి చేర్చారు. వాడు నీళ్ళు కక్కాడు. మణికట్టు చుట్టూ తోలు లేచిపోయి ఎర్రటి గీత. వేళ్ళు కదులుతున్నాయి. అయిదూ కదులుతున్నాయి. నేనే ఒక్కోటీ పట్టుకుని వంచి చూశాను.

“ఎవరండీ ఏసింది?” అన్నాడు వాడు.

రామలింగంగారి తడిసిన జేబులోంచి, కవరు లోపల్నించి, మెత్తగా ఒక గొంతు వచ్చింది.

“రెండో చెరువు ఏరియేటర్లకి కరెంటు ఆగిందండి. మళ్ళీ నడపమంటారా?”

ఆయన ఫోను తీసి గడ్డిలో పెట్టి, రెండడుగులు వెనక్కి వేశారు. దాని మీద చెయ్యి వేయడానికి మాకెవరికీ ధైర్యం చాలలేదు. ఏం మాట అంటే అది ఏం చేస్తుందో ఇక తెలియదు. వద్దు అంటే దానికి ఏమని వినిపిస్తుందో కూడా తెలియదు. తెలుగు తెలిసిన నలుగురం, ఒక్క తెలుగు మాట అనడానికి భయపడి నిలబడ్డాం.

కాంతం తెడ్డుతోనే వచ్చింది. మొగుణ్ణి చూసింది. ఏడవలేదు, తిట్టలేదు. వాడి తల మీది తువ్వాలు లాక్కుని షెడ్డుకి తిరిగి వెళ్ళిపోయింది. హ్యాండిలుకి రెండు ముళ్ళు వేసి కట్టి, అక్కడే కూర్చుంది. సాయంత్రం దాకా కదల్లేదు.

హారిక గడ్డిలో ఫోనుని వదిలేసి, ల్యాప్‌టాప్‌లో టైపు చేసి ఏజెంటుని అడిగింది, ఎందుకు నడిపావని. జవాబు వచ్చింది. నాకోసం పైకి చదివింది.

“కట్టే ఉంచమని అన్నారు. ఈ టూల్ వివరణలో, కట్టు అంటే నడపమని అర్థం అని ఉంది. అందుకని నడిపాను.”

“మరి ఏసుబాబు దిగాడన్నారు కదా, అడుగు,” అన్నాను.

అడిగింది. “ఏసుబాబు దిగినట్టు గమనించాను. మనిషి దిగినప్పుడు ఏం చేయాలో ఈ టూల్ వివరణలో లేదు. నేను అడిగి ఉండాల్సింది.”

వివరణ తెరిచి చూశాం. నేను చదవాల్సిన వరసలో అది ఇంకా నాదాకా రాలేదు. మా ఆఫీసు మొదట దెందులూరు వైపు వరి రైతుల మోటార్లతో పని మొదలెట్టింది. చేనుకి నీళ్ళు కట్టడం అంటే మోటారు వేసి నీళ్ళు పారించడం. కాబట్టి ‘కట్టు’ అంటే నడుపు అని రాశారు. వరికి అది అక్షరాలా నిజం. తరవాత చెరువులకి టూల్ కావాల్సొస్తే అదే వివరణ తెచ్చి, మోటారు అన్న చోట ఏరియేటరు అని పెట్టారు. కానీ మా ఇళ్ళలో ఫ్యాను కట్టేయమంటే, స్టవ్వు కట్టేయమంటే ఆపడం. చెరువు మీద ‘కట్టే ఉంచండి’ అంటే చచ్చినా వేయొద్దని. ఒకే మాట చేలో ఒక దిక్కుకి, గట్టు మీద ఇంకో దిక్కుకి తిరుగుతుంది. రాసినవాళ్ళూ తెలుగువాళ్ళే. తెలియక రాయలేదు, చేలో నిలబడి రాశారు.

హారిక ఇంకొకటి చేసింది. మా వివరణ ఏదీ చూపించకుండా అదే ఏజెంటుని విడిగా అడిగింది, ఎవరైనా ఏరియేటర్లు కట్టే ఉంచండి అంటే ఏమని. ఆపి ఉంచమని కావచ్చునండి, అని చెప్పింది.

దానికి తెలుసు. తెలిసి కూడా మేం రాసిందే నమ్మింది. ఎడమ చెంప మీద ఎండ పడుతూనే ఉంది, బోర్డు మీద ఏలూరు అని ఉందని కూర్చుంది. బోర్డు మాది.

“అమ్మమ్మగారూ,” అంది హారిక. “ఈ వివరణ ఒక్క ఈ చెరువుకే కాదండి.”

ఆ మాటతో రెండో భయం మొదలైంది. మబ్బు మా ఒక్కరి నెత్తిన లేదు. ఆ పూట కొల్లేటి చుట్టూ అందరూ ఏరియేటర్లు నడుపుతూనే ఉన్నారు. తాళ్ళు తెగుతూనే ఉంటాయి, మనుషులు దిగుతూనే ఉంటారు, దిగినప్పుడు ఎవరో ఒకరు ఆ మాట అంటూనే ఉంటారు. హారిక ఆఫీసుకి ఫోను చేసి ఆ టూల్‌ని అన్ని చెరువులకీ తీసేయించింది. ఇక ఏజెంటు ఏ ఏరియేటరూ వేయలేదు, ఎవరికి కావాలన్నా షెడ్డుకి వెళ్ళాల్సిందే. కానీ టూల్ తీసేసింది మన తెర మీద. ఈలోపు ఎవరైనా అనేసి ఉంటే? ఆ సంగతి తెర చెప్పదు. మనిషే చెప్పాలి.

ఒక్కొక్కరికీ ఫోను చేయడం మొదలెట్టాం. ఆ పిల్ల నంబరు కలుపుతుంది, నేను మాట్లాడతాను.

“మీ చెరువులో ఎవరైనా దిగారాండి?”

“లేదండి. ఏమండి?”

“దిగితే మెయిన్ దించి దిగమనండి. ఫోనుతో ఏమీ చెప్పకండి.”

“వర్షానికి ఫోను పాడవుద్దాండి?”

“అవునండి, పాడవుద్దండి.” అంతకన్నా వివరించే ఓపిక లేదు.

దెందులూరు దగ్గర ఒకాయన ఎత్తలేదు. మళ్ళీ చేశాం, ఎత్తలేదు. హారిక గోరు కొరుక్కుంటోంది. నేను మనసులో ప్రార్థన మొదలెట్టి, మధ్యలో మాటలు మరిచిపోయాను. మూడోసారి ఎత్తి, టీ కొట్టు దగ్గరున్నానండి, ఏం కొంప మునిగిందండి అన్నాడు. మునగలేదండి, టీ తాగండి, అన్నాను. ఫోను పెట్టేశాక ఆ పిల్ల నా భుజం మీద తల ఒక్కసారి ఆనించి, తరవాతి నంబరు కలిపింది.

మర్నాడు ఆఫీసులో కొత్త వివరణ రాయడానికి కూర్చున్నాం. హారిక ఊరూరి మాటలు, వాటి అర్థాలు ఒక కాగితం నిండా రాసుకొచ్చింది.

“అమ్మాయ్, రేపు జంగారెడ్డిగూడెం నుంచి ఎవడో వచ్చి ఇంకో మాట అంటాడు. ఎన్నని పడతావు? తప్పయితే ఏమవుతుందో అది ముందు రాయి.”

“మాటలూ ఉండాలండి. లేకపోతే అన్నిటికీ అడుగుతూ కూర్చుంటుంది. నీళ్ళలో గాలి ఎంతుంది అన్నా ఎదురు ప్రశ్న వేస్తే ఎవరు వాడతారు?”

ఆమె అన్నదీ నిజమే. గాలి ఎంతో చూసి చెప్పడంలో పొరపాటైతే మళ్ళీ చూడొచ్చు. చక్రం తిప్పడంలో పొరపాటైతే మళ్ళీ లేదు. కాబట్టి చూసి చెప్పే టూల్స్‌కి మాటల పట్టిక పెట్టి ఊహించుకునే వీలిచ్చాం. తిప్పే టూల్‌కి ఇవ్వలేదు. దానికి రాసింది ఇది:

“ఈ టూల్ ఏరియేటరు రెక్కల్ని తిప్పుతుంది. దగ్గర మనిషి ఉంటే చెయ్యి పోతుంది, ప్రాణం పోవచ్చు. వాడే ముందు రెండు అడగాలి. హ్యాండిలుకి తువ్వాలు ఉందా? చెరువు దగ్గర ఎవరెవరు, ఎక్కడెక్కడ ఉన్నారు? పేర్లు చెప్పేదాకా వాడకూడదు. తువ్వాలు ఉంటే ఎవరు చెప్పినా వాడకూడదు. ‘కట్టు’ అన్న మాటకి ఇక్కడ రెండు అర్థాలు, ఊహించకూడదు, ఆపమంటారా నడపమంటారా అని అడగాలి. కరెంటు పోయి వచ్చినా మళ్ళీ నడపమంటారా అని నీ అంతట నువ్వు అడగకూడదు.”

ఆపే టూల్‌కి ఒక్క వాక్యం సరిపోయింది. ఆపమంటే ఏమీ అడగకుండా ఆపాలి.

తువ్వాలు అని రాస్తే పై ఆఫీసుల్లో నవ్వుతారేమో అన్నారు ఎవరో. నవ్వనీండి అన్నాను. కొత్త చెరువుకి ఏర్పాటు పెట్టేటప్పుడు తువ్వాలు పద్ధతి వాళ్ళకి చెప్పి, కట్టించి చూపించాకే ఫోను చేతికిస్తున్నాం.

మరుసటి వారం మళ్ళీ రామలింగంగారి గట్టు మీదికి వెళ్ళాం. ఏసుబాబు మణికట్టుకి కట్టుతో గట్టు మీదే కూర్చున్నాడు. ఆ పక్కనే కాంతం. రామలింగంగారు ఫోనుని చెయ్యి చాచినంత దూరంలో పట్టుకుని, ఏరియేటర్లు నడపండి అన్నారు. హ్యాండిలుకి తువ్వాలు ఉందాండి, చెరువు దగ్గర ఎవరెవరు ఎక్కడెక్కడ ఉన్నారండి, అని అడిగింది. ఆయన ఒక్కొక్కరి పేరూ, ఉన్న చోటూ చెప్పారు. చెప్పేటప్పుడు ఒక్కొక్కరి మొహమూ చూస్తూ చెప్పారు. అలా చూడాలనే ఆ ప్రశ్న పెట్టాం. అప్పుడు నడిపింది.

“బాగానే ఉంది కానీ,” అన్నారాయన, “తెల్లారుజామున చేపలు తేలిపోతుంటే కూడా ఇలాగే పేర్లు అడుగుతుందాండి?”

“అడుగుతుందండి,” అంది హారిక.

“ఈలోగా చేపలు పోతే?”

“పోతే పోతాయండి,” అంది కాంతం. “చేపకి పెళ్ళాం ఉండదు.”

ఏసుబాబు నవ్వాడు. వాడి కత్తి ఇప్పటికీ ఆ చెరువు అడుగునే ఉంది. తీయడానికి ఎవరూ దిగలేదు.

ఈ పనిలో నేను నేర్చుకున్నది ఇదీ. రాసేవాడు తను నిలబడ్డ చోటు నుంచి రాస్తాడు. చదివేవాడు ఇంకో చోట ఉంటాడు. చదివేవాడు తెలివైనవాడైతే సర్దుకుంటాడులే అనుకుంటాం. నమ్మకస్తుడైతే సర్దుకోడు, రాసినట్టే చేస్తాడు. ఏజెంటుకి తెలివి లేదని నేను ఎప్పుడూ భయపడలేదు. అది మన మాట నమ్ముతుందని భయపడతాను. అంతగా నమ్మేవాళ్ళ కోసం రాసేటప్పుడు భయం ఉండాలి. ఇప్పుడు ఏ వివరణ రాసినా ముందు ఆ గట్టు మీదికి వెళ్ళి నిలబడతాను, మోకాళ్ళు ఒప్పుకోకపోయినా. నీళ్ళలో ఎవరుంటారు అన్నది చూసుకున్నాకే పెన్ను తీస్తాను. చెరువు అవతల ఏ చక్రం కదిలినా ఇప్పటికీ నా నోటికి ముందు ఏసుబాబు పేరే వస్తుంది.

ఏజెంటు ఇప్పుడు అందరినీ అడిగే ప్రశ్న ఆ రోజు మమ్మల్ని ఎవరూ అడగలేదు. కాబట్టి ఇప్పుడు చెబుతున్నాను. ఆ మంగళవారం, మూడు దాటి పది నిమిషాలకి, రెండో చెరువు దగ్గర: గట్టు మీద, చేతిలో ఫోనుతో, రామలింగంగారు. తూము పక్క రాతి మీద, గొడుగు కింద, హారిక. ఆమె పక్కన సువార్తమ్మ, అంటే నేను. షెడ్డులో, తెడ్డుతో మేత కలుపుతూ, కాంతం. నీళ్ళలో, నాలుగో ఏరియేటరు దగ్గర, ఏసుబాబు.